గోడ మీద బండి

బ్యాంకు ఉద్యోగంలో ఉన్నవాడికి ఒక సౌకర్యం ఉంది. దేశంలోని అద్భుతాలు చూడటానికి రైలెక్కనక్కరలేదు. పదిరూపాయల నోటు వెనక కోణార్క చక్రం, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రాతిరథం, నూరు మీద పాటన్ మెట్లబావి, రెండువందల మీద సాంచి స్తూపం, అయిదువందల మీద ఎర్రకోట. రోజుకు ఎన్నిసార్లు చేతుల మీదుగా పోతాయో లెక్కలేదు. ఏ ఖాతాదారుడూ నోటు తిప్పి ఆ బొమ్మను తేరిపార చూడగా నేనింతవరకు చూడలేదు. తీగ ఉందా లేదా అని చూస్తారు, లెక్క సరిపోయిందా అని చూస్తారు. అందుకు వాళ్ళను తప్పుపట్టను. నోటు ఉన్నది ఖర్చు పెట్టడానికి. కాని ఊరు నడిమధ్యన నిలబడి ఉన్న అద్భుతాన్ని కూడా మనం నోటు వెనక బొమ్మలాగే దాటుకుపోతున్నామే, అదీ నా తగువు.

ఇప్పుడు ఈ తగువు ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈమధ్య మన తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోటల్లా, రాయచూరులో కానివ్వండి, సింధనూరు, మాన్వి క్యాంపుల్లో కానివ్వండి, ఒక మాట వినపడుతోంది. మనకంటూ ఒక గుర్తు ఉండాలట. ఏదైనా పెద్ద కూడలిలో కృష్ణదేవరాయల విగ్రహం నిలబెట్టాలట. వచ్చేపోయేవాళ్ళు తలెత్తి చూడాలట. కొందరు రాయలవారు వద్దు, తెలుగుతల్లి కావాలంటారు. కంచా, ఫైబరా అన్న దగ్గర అభిప్రాయభేదం ఉంది. ఎత్తు దగ్గర మాత్రం లేదు, ఎంత ఎత్తయితే అంత మంచిదని అందరూ ఒప్పుకుంటారు. ఈ మాట అనేవాళ్ళలో నా మిత్రులే ఎక్కువ. వాళ్ళ భాషాభిమానాన్ని శంకించటం నా ఉద్దేశం కాదు. కాని ఈ ఆలోచన తప్పనీ, పైగా ఇంట్లో ఉన్నదాన్ని అవమానించటమనీ నేను అంటున్నాను. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా వినండి.

రాయచూరు బస్టాండులో దిగి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, కోట పడమటి గోడలో ఒక రాయి ఉంది. పొడవు 41 అడుగుల 8 అంగుళాలు. వెడల్పు సుమారు 3 అడుగులు. ఒక్కటే రాయి. మనం ఎక్కి తిరిగే ఆర్టీసీ బస్సు కన్నా పొడవు. గోడలో ఇమిడి ఉంది కనుక మందం బయటికి తెలియదు. కామర్సు చదివినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను. మందం ఒక్క అడుగే అనుకుందాం. 125 ఘనపుటడుగులు. ఈ సీమ రాయి ఘనపుటడుగుకు 75 కిలోలైనా తూగుతుంది. అంటే తొమ్మిది టన్నులు దాటింది. రెండడుగుల మందమైతే పద్దెనిమిది దాటుతుంది. దాన్ని లేపి, గోడలో వరసకు సరిగ్గా కూర్చోబెట్టారు. ఆ లోపలి గోడ మొత్తం అలాంటి పనే. చెక్కిన పెద్ద పెద్ద రాళ్ళను సున్నం చుక్క లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టారు. ఏడు వందల ముప్పై ఏళ్ళుగా నిలబడే ఉంది.

ఆ రాయి మీద ఉన్నది తెలుగు శాసనం. శక సంవత్సరం 1216, అంటే క్రీ.శ. 1294. గోన గన్నారెడ్డి మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ దుర్గాలను గెలిచి రాయచూరు ప్రవేశించి ఈ కోట కట్టించాడని దాని సారాంశం. ఆదవాని అంటే నేటి ఆదోని. మానువ అంటే మన మాన్వియే.

శాసనాలు ఎన్నో ఉంటాయి, ఇందులో ఏముంది అని మీరనవచ్చు. శాసనం ఒక్కటే అయితే నేనూ ఈ కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాదు. శాసనం దగ్గరే గోడ మీద ఒక గీతల బొమ్మ ఉంది. లోతుగా చెక్కిన శిల్పం కాదు. ఉలితో గీసిన రేఖలు, అంతే. ఏటవాలు వెలుగు పడితే తప్ప సరిగా ఆనవు. ఆ బొమ్మలో చక్రాల బండి ఉంది. బండి మీద పొడవాటి రాయి ఉంది. ముందు దున్నపోతుల బారు, జతల వెనక జతలు. వాటిని అదిలించే మనుషులు. వెనక చక్రాల కింద గడ్డపారలు వేసి ఎత్తి తోసే మనుషులు. అంటే గోడలోని ఈ రాయి గని నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో చూపించే బొమ్మ. రాయిని తెచ్చినవాళ్ళను రాయి పక్కనే గీశారు.

మీరు ఒక్క నిమిషం ఆగి ఈ సంగతి ఆలోచించండి. మన దేశంలో కోటలు ఎన్ని, గుళ్ళు ఎన్ని! తంజావూరు గుడి శిఖరం మీదికి రాయి ఎలా ఎక్కించారు అంటే ఈనాటికీ తలకొక కథ చెబుతారు. కట్టించినవాడి పేరు, వాడి తండ్రి పేరు, తాత పేరు, బిరుదులు, దానమిచ్చిన పుట్లు, అన్నీ రాతి మీద ఉంటాయి. మోసినవాడు ఉండడు. రాయచూరు గోడ మీద ఉన్నాడు. ప్రపంచంలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈజిప్టులో దైర్ ఎల్ బెర్షా అనే చోట జెహుతిహోతెప్ అనే అధికారి సమాధిలో ఒక బొమ్మ ఉంది. దాదాపు 3,900 ఏళ్ళ నాటిది. పెద్ద విగ్రహాన్ని చట్రం మీద పెట్టి 172 మంది మోకులు పట్టి లాగుతుంటారు. ముందు ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. చాలాకాలం అదేదో పూజాతంతు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి, తగుపాటి తడి ఉన్న ఇసుక మీద లాగితే శ్రమ సగానికి తగ్గుతుందని తేల్చారు. పత్రికలన్నీ రాశాయి. అలాగే నినెవె నగరంలో అసీరియా రాజు సెనాకెరిబు చెక్కించిన పలకలు: రెక్కల ఎద్దు విగ్రహాన్ని లాగుతున్న మనుషులు, మోకులు, మీటకర్రలు. అవి లండన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూడటానికి జనం విమానాలెక్కి వెళతారు. మన గోడ మీది బొమ్మ కూడా వాటి వరసలోదే. అక్కడ చట్రాలు, ఇక్కడ చక్రాలు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది ఊరికే పుట్టిన సామెత కాదు.

హంపి రాతిరథం గొప్పదే. యాభై నోటు మీదికి ఎక్కిందంటే ఎక్కదగినదే. కాని అది రథం రూపంలో ఉన్న గుడి. ఎన్నడూ కదిలింది కాదు. రాయచూరు గోడ మీద గీసిన బండి నిజంగా కదిలిన బండి. తొమ్మిది టన్నులో, పద్దెనిమిదో, ఇంకా ఎక్కువో మోసిన బండి.

ఇంత గొప్పదాని గతి ఏమిటి? టూరిజం కరపత్రాల్లో, పాత గెజెటీర్ల నుంచి ఎత్తి రాసిన పుస్తకాల్లో, ‘రాణి రుద్రమ మంత్రి గోరె గంగయ రెడ్డివారు కట్టించిన కోట’ అని ఉంటుంది. గోన ‘గోరె’ అయింది, గన్నయ ‘గంగయ’ అయ్యాడు. రుద్రమదేవి మాట చూద్దామంటే, ఆమె మరణించిన సంగతి 1289 నాటి చందుపట్ల శాసనం తెలుపుతోందని చరిత్రకారులు చెబుతున్నారు. 1294 ప్రతాపరుద్రుని కాలం. ఒక కరపత్రంలో తప్పు అచ్చయితే దిద్దమని రాయటానికి పోస్టుకార్డు చాలు. అదీ ఎవరూ రాయలేదు. మనవాళ్ళు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

గోన గన్నారెడ్డి పేరు మనవాళ్ళకు తెలియదని అనను. అడవి బాపిరాజు నవల చదివిన తరం ఒకటి ఉంది. చదవని తరానికి 2015లో ‘రుద్రమదేవి’ సినిమా వచ్చింది. అందులో ఆ పాత్రకు కొట్టినన్ని ఈలలు రాణికి కూడా కొట్టలేదు. ఆ గన్నారెడ్డి వంశమే మనకు రంగనాథ రామాయణం ఇచ్చిన గోన బుద్ధారెడ్డి వంశం. వాళ్ళ వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది, మనకు కృష్ణ దాటితే వచ్చే సీమ. తెరమీది మనిషికి ఈల వేసినవాడు, అసలు మనిషి పేరున్న రాయి పక్కనుంచి బస్సు కోసం పరుగెత్తుకుంటూ పోతాడు. మా ఆఫీసులో ఒక కుర్రాడితో ఈ మాటంటే, “అక్కడ ఏముంది సార్, గోడే కదా” అన్నాడు. చదువుకున్నవాడే, తెలుగువాడే. వాణ్ణి ఏమనను? ఆ గోడ ముందు నిలబడితే అది ఏమిటో చెప్పే తెలుగు అక్షరం ఒక్కటీ మనం పెట్టించలేదు కదా.

ఇక విగ్రహాల సంగతి. 2018లో గుజరాత్‌లో 182 మీటర్ల పటేల్ విగ్రహం లేచింది. 2022లో ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజులు. 2023లో హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్, 2024లో విజయవాడలో మళ్ళీ 125 అడుగుల అంబేడ్కర్, కింద దిమ్మె 81 అడుగులు. అంబేడ్కర్ గారిని గూర్చి, ఆయనను తలెత్తి చూడవలసిన అవసరం గూర్చి నాకు రెండో మాట లేదు. నా పేచీ కొలబద్దతో. అద్భుతం అంటే అడుగులు అనుకునే అలవాటుతో. ఈ పందెంలో మన సంఘం చందాలు పోగుచేసి పెట్టగలిగింది ఎంత? పన్నెండడుగులు? పదిహేను? దాని మీద రెండేళ్ళకు కాకుల రెట్ట, అయిదేళ్ళకు పెచ్చులూడిన రంగు, ఎన్నికలప్పుడు కప్పటానికి ఒక గుడ్డ. పైగా రాయలవారు మా వాడంటే మా వాడని తెలుగు, కన్నడ, తుళు వాళ్ళు ముగ్గురూ అనగల మనిషి. 1520లో ఆయన రాయచూరు గెలిచిన ఊళ్ళో, కోట ఉత్తరాన నౌరంగీ దర్వాజా మీద విజయనగర కాలపు శిల్పాలు ఇప్పటికే ఉండగా, కూడలిలో మనం ఒక ఫైబరు బొమ్మ పెట్టి, దానికి ఏ భాషలో పేరు రాయాలని తగువులాడుకోవటం ఎందుకు? విగ్రహం పెట్టినంత తేలిక కాదు దాన్ని కాపాడుకోవటం. హైదరాబాదు ట్యాంకుబండు మీద తెలుగు వెలుగులని వరసగా నిలబెట్టిన విగ్రహాల్లో ఎన్ని 2011 మార్చి 10న నేలకూలాయో మనం టీవీల్లో చూశాం.

ఆ ట్యాంకుబండు ఎదురుగానే సాగరం మధ్యన బుద్ధుడున్నాడు. సుమారు 58 అడుగుల ఏకశిల. భువనగిరి దగ్గర రాయగిరి కొండ నుంచి వచ్చిన రాయి. 1990 మార్చిలో పడవ మీద తీసుకుపోతుండగా ఒరిగి నీట మునిగింది. పనిలో ఉన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న నిలబడింది. నేను అది మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించిన మాట నిజం. చక్కని విగ్రహం. కాని చూడవచ్చిన లక్షలమందిలో ఆ మునిగిపోయినవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు? పదమూడో శతాబ్దంలో, ఎవరి పేరు ఎక్కడ ఉండాలో పుట్టుకే నిర్ణయించే రోజుల్లో, రాయి లాగిన మనుషుల బొమ్మ గోడకెక్కింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రజాస్వామ్యంలో ఎక్కలేదు.

ఇక్కడే మన సంఘాలను గూర్చి కొంచెం చేదు మాట చెప్పాలి. రాయి కొట్టేవాళ్ళు, చెరువు తవ్వేవాళ్ళు ఎవరు? వడ్డెరలు. కర్ణాటకలో భోవి అంటారు. మీరు ఈ రాష్ట్రంలో ఏ మూల క్వారీకి వెళ్ళినా వాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా తెలుగే. పుస్తకం తెలుగు కాదు, వాళ్ళ తెలుగు. మనకు పోయిన మాటలు కొన్ని వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఈ గోడ కట్టిన చేతులు వాళ్ళ పూర్వులవేనని నేను సాక్ష్యం చెప్పలేను. ఆ పని మాత్రం వాళ్ళదే. మరి మన తెలుగు సంఘాల సభ్యుల జాబితా తీసి చూడండి. రైసుమిల్లు యజమానులు, కాంట్రాక్టర్లు, డాక్టర్లు, లెక్చరర్లు, మావంటి బ్యాంకువాళ్ళు. ఉగాది పచ్చడికి పిలిచే వరసలో వడ్డెర ఇల్లు ఒక్కటైనా ఉందా? భాషాల్పసంఖ్యాకులం, మమ్మల్ని లెక్కలోకి తీసుకోండి అని ప్రభుత్వానికి అర్జీలు పెడతాం; మన లెక్కలో మనం ఎవరిని తీసుకున్నాం? విగ్రహంలో రాజో తల్లో ఉంటారు. గోడ మీద గడ్డపార పట్టినవాడు ఉన్నాడు. రెండింటిలో ఏది మన గుర్తు అని ఎంచుకోవటంలోనే మనం ఎవరిమో తేలిపోతుంది. అందుకే ఇది నాకు చిన్న విషయంగా తోచటం లేదు.

గోడ సరే, ఆ రాయి పుట్టిన కొండల మాటా చెప్పాలి. యరమరస్‌లో మా మేడ మీద నిలబడితే ఒకవైపు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనపడతాయి. 2017 నుంచి పనిచేస్తున్న రెండు 800 మెగావాట్ల యూనిట్లు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముందు వాటినే చూసి ఆశ్చర్యపోతారు, పోనివ్వండి, ఆశ్చర్యపోవలసినవే. రెండోవైపు రాయచూరు గుట్టలు. ఎవరో పిల్లవాడు గోళీలు పేర్చి వదిలేసినట్టు గుండు మీద గుండు. ఈ రాతి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భశాస్త్రం చెబుతుంది. ఈ గుండ్లను ఎవరూ పేర్చలేదు, పైనుంచి ఏవీ దొర్లి రాలేదు. భూమిలో ఉండగానే రాతికి అడ్డంగా, నిలువుగా పగుళ్ళు వచ్చాయి. పగుళ్ళలోకి నీరు దిగింది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కనుక మూలలు ముందు కుళ్ళి మొరమైపోయాయి, నడుమ గట్టిరాయి గుండ్రంగా మిగిలింది. పైమట్టిని వానలు కడిగేసుకుపోగా, మిగిలిన గుండ్లు ఉన్నచోటనే, ఉన్న వరసనే బయటపడ్డాయి. ఈ సంగతి తెలిశాక ఆ గుట్టను చూడండి, నిన్న చూసిన గుట్టలా ఉండదు.

కంకర మిషన్లకు అప్పు కోసం మా టేబుళ్ళ మీదికి ప్రాజెక్టు రిపోర్టులు వస్తుంటాయి. ముడిసరుకు అన్న గడిలో ఒకటే వాక్యం: స్థానికంగా సమృద్ధిగా లభించును. యంత్రానికి తరుగుదల లెక్క ఉంటుంది, లారీకి ఉంటుంది, షెడ్డుకు కూడా ఉంటుంది. కొండకు ఉండదు. కరిగిపోయే ఆస్తి అదొక్కటే. పద్దులో లేనిది కూడా అదొక్కటే. ఇళ్ళు కట్టుకోవద్దా, రోడ్లు వద్దా అంటే, కావాలి. కాని ఏ గుట్ట కొట్టాలి, ఏ గుట్ట ఉంచాలి అని ఎవరైనా ఒకరు అడగాలి కదా. హైదరాబాదులో అలా అడిగినవాళ్ళు ఉన్నారు. 1996లో బండల రక్షణ కోసం ఒక సంఘం పెట్టుకుని, కొన్ని రాతిగుట్టలను వారసత్వ సంపద జాబితాలోకి ఎక్కించగలిగారు. అక్కడి రాళ్ళకూ మన రాళ్ళకూ తేడా ఏమీ లేదు. అక్కడ చూసిన కళ్ళు ఉన్నాయి. మన జిల్లాలోనే మస్కిలో అశోకుని శాసనం 1915లో ఎలా బయటపడింది? బీడన్ అనే గనుల ఇంజనీరు బంగారం వెతుకుతూ వచ్చి గుండు మీద అక్షరాలు చూశాడు. ‘దేవానాంప్రియుడు’ అంటే అశోకుడేనని ఆ బండ వల్లనే స్థిరపడింది. బంగారం కోసం వచ్చినవాడు ఆగి చూశాడు. కంకర కోసం వచ్చినవాడు ఆగడు, మనమూ ఆపం.

ఒక అభ్యంతరం వస్తుంది, నాకు తెలుసు. కన్నడ దేశంలో ఉండి తెలుగు శాసనం తెలుగు శాసనం అని అరిస్తే లేనిపోని గొడవ కాదా అని మెల్లగా చెవిలో చెప్పే పెద్దలున్నారు. మరోపక్క, చూశారా ఈ గడ్డ మాది అని ఛాతీ చరుచుకోవటానికి ఆ రాయిని వాడుకోవాలనుకునే కుర్రకారూ ఉంది. ఇద్దరికీ ఒకటే జవాబు. ఆ రాయి సరిహద్దు రాయి కాదు. 1294లో తెలుగు లిపి, కన్నడ లిపి ఇంచుమించు ఒక్కటే. నేను ఎంత కూడబలుక్కుని చదవాలో నా కన్నడ మిత్రుడూ అంతే కూడబలుక్కోవాలి. ఈ ఊరిని కాకతీయులు ఏలారు, బహమనీలు ఏలారు, విజయనగరం, బీజాపూరు, నిజాం అందరూ ఏలారు. 1956 నవంబరు 1 దాకా గద్వాల, ఆలంపూరు మన రాయచూరు జిల్లాలోవే. ఆ రోజు అవి అటు పోయాయి, మనం ఇటు వచ్చాం. ఇటు వచ్చినందుకు నాకు ఏ విచారమూ లేదు. బోర్డు పెట్టేట్టయితే పైన కన్నడమే ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. కింద తెలుగు, ఆపైన ఉర్దూ, ఇంగ్లీషు. దాచిపెట్టటం పిరికితనం, జెండాగా ఊపటం మూర్ఖత్వం. చదివి వినిపించటానికి ఏ అడ్డంకీ లేదు.

రెండో అభ్యంతరం, చరిత్ర పండితులకు కాని పామరులకు ఎందుకు, జనానికి కంటికి నిండుగా ఏదైనా కావాలి అనేది. పామరులకేనయ్యా ఆ బొమ్మ గీసింది! శాసనం చదవలేనివాడు కూడా బండి చూసి, దున్నపోతులు చూసి, ‘అబ్బ, ఇంత రాయి ఇలా తెచ్చారా’ అనుకోవాలనే గీశారు. నలభై రెండడుగుల రాయి కంటికి నిండకపోతే ఆ కన్నునే డాక్టరుకు చూపించుకోవాలి.

కనుక నేను అడిగేవి కొన్నే. విగ్రహం కోసం అనుకున్న సొమ్ములో పదో వంతు చాలు. పురాతత్వ శాఖ అనుమతి తీసుకుని, శాసన పాఠాన్నీ, దాని అర్థాన్నీ తెలిసినవాళ్ళచేత సరిచూయించి, నాలుగు భాషల్లో ఒక బోర్డు. దాని పక్కనే గోడ మీది బండి బొమ్మను పెద్దదిగా, స్పష్టమైన గీతల్లో రాయించిన పలక, ఎక్కడ ఏముందో పిల్లలు పోల్చుకునేటట్టు. కరపత్రాల్లో తప్పులు దిద్దమని సంఘం తరఫున ఒక ఉత్తరం. చుట్టుపక్కల గుట్టల్లో వదిలిపెట్టవలసినవి ఏవో ఒక జాబితా, జిల్లా అధికారులకు. తెలుగు పిల్లలనూ కన్నడ పిల్లలనూ కలిపి ఒక పూట గోడ దగ్గరికి తీసుకువెళ్ళటం. ఆ పూట మైకు పట్టుకుని మాట్లాడవలసింది నేను కాదు, లెక్చరరు గారూ కాదు. క్వారీలో పనిచేసిన వడ్డెర పెద్దాయన ఎవరినైనా పిలిచి, చక్రం కింద గడ్డపార ఎక్కడ వేస్తే రాయి కదులుతుందో, ఎక్కడ వేస్తే మనిషి చేయి పోతుందో ఆయన చేతనే చెప్పించాలి. దారిఖర్చులు, శాలువా, భోజనం మనవి.

విగ్రహం చందా పుస్తకం నా దగ్గరికి వస్తే ఈ వ్యాసం చూపించి పంపిస్తాను. బోర్డు చందా పుస్తకం ఎవరు అచ్చువేయించినా మొదటి రసీదు నా పేర రాయండి, అయిదు వేలు.